బాకీ పడ్డ 12 కిలోలు

నేను ఇప్పటిదాకా ఆడిన అబద్ధాల్లో బరువు తెలిసినది ఒక్కటే. 12 కిలోలు.

2010 జనవరి. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. అంతకు కొన్ని నెలల ముందే క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది. మేడారం జాతర దగ్గర పడుతోందనగా ఊరి నుంచి బాపమ్మ హాస్టల్‌కి ఫోన్ చేసింది. (మా వైపు నాన్నమ్మని బాపమ్మ అంటాం.)

"బిడ్డా, ఇప్పుడు ఎంత బరువున్నవురా?"

"ఎందుకు?"

"ఎందుకేంది? నీకు నౌకరొస్తె నిలువెత్తు బంగారం ఇస్తనని అమ్మకు మొక్కిన. నువ్వైతే రానంటివి. తూకమన్న చెప్పు, జోకిచ్చుకొని పోత."

"యాభై రెండు" అన్నాను.

అప్పుడు నా బరువు 64. మెస్ పక్కన రూపాయి వేస్తే చీటీ ఇచ్చే మిషన్ ఉండేది. వారం కిందటి చీటీ ఇంకా పర్సులోనే ఉంది. మరి అబద్ధం ఎందుకు చెప్పానంటే, ముసలామె డబ్బులు కొన్నయినా మిగులుతాయని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది సగం నిజం. మిగతా సగం ఏంటంటే, ఆ వ్యవహారమంతా ఉత్తదే కదా, ఉత్తదాంట్లో అంకె తప్పయితే ఏమైందిలే అనుకున్నాను. ఆ రోజుల్లో ఎవరేం చెప్పినా ఆధారం ఏది అని అడగడం నా అలవాటు. అలాంటివాణ్ణి నేను తప్పు లెక్క చెప్పాను. మూఢురాలని నేననుకున్న మనిషి మాత్రం కాంటా దగ్గర నిలబడి, సరిగ్గా 52 కిలోలు జోకించి, బస్సెక్కించుకుని పోయింది.

తర్వాతి జాతర 2012లో. అప్పటికి బాపమ్మ లేదు.

*

మేడారం తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. ఒకప్పుడు వరంగల్ జిల్లా, ఇప్పుడు ములుగు జిల్లా. తాడ్వాయి మండలంలో, అడవి మధ్యలో చిన్న ఊరు. రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమికి అటూ ఇటూగా నాలుగు రోజులు అక్కడ సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది. గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది. శుక్రవారం ఇద్దరూ గద్దెల మీద ఉంటారు. శనివారం మళ్ళీ అడవికి పోతారు. పూజారులు కోయలు. అమ్మవార్లకి ఇచ్చేది బెల్లం. కానీ దాన్ని అక్కడ ఎవరూ బెల్లం అనరు, బంగారం అంటారు. మనిషి బరువుకి సరిపడా ఇస్తే అది నిలువెత్తు బంగారం.

కథ కూడా చాలామందికి తెలిసిందే. కోయ దొరలకి అడవిలో పులుల మధ్య ఆడుకుంటూ ఒక పసిబిడ్డ దొరికింది. ఆ బిడ్డే సమ్మక్క. పెద్దయ్యాక పగిడిద్దరాజుని పెళ్ళాడింది. కరువొచ్చి కోయలు కప్పం కట్టలేకపోతే కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు సైన్యాన్ని పంపాడు. యుద్ధంలో పగిడిద్దరాజు, సారలమ్మ చనిపోయారు. కొడుకు జంపన్న సంపెంగ వాగులో ప్రాణం విడిస్తే నీళ్ళు ఎర్రబడ్డాయి, అదే జంపన్న వాగయింది. సమ్మక్క గాయాలతో చిలకలగుట్ట ఎక్కి కనబడకుండా పోయింది. వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళకి పుట్ట దగ్గర ఒక కుంకుమ భరిణె దొరికింది.

నేను ఈ కథ బాపమ్మ పక్కన పడుకుని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్నదంతా అక్షరాలా నమ్మాను.

ఏడేళ్ళప్పుడు నాకు పచ్చకామెర్లయ్యాయి. బాపమ్మ నన్ను వరంగల్ పెద్దాసుపత్రికి తీసుకుపోయింది, అమ్మకి మొక్కు కూడా మొక్కింది. ఆ మొక్కు తీర్చడానికి 1998 జాతరకి అందరం వెళ్ళాం. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. నిలువెత్తు బంగారం అంటే నా అంత ఎత్తున్న బంగారం అనుకున్నాను. ఇంట్లో బాపమ్మ ముక్కుపుల్ల, అమ్మ పుస్తెలు తప్ప బంగారం చూసి ఎరగను. మరి అంత బంగారం మేం ఎక్కణ్ణించి తెస్తామో, నాకది రోజుల తరబడి బెంగ. తీరా చూస్తే బెల్లం ముద్దలు. కాంటాలో ఒక పక్క నన్ను కూర్చోబెట్టారు, ఇంకో పక్క బెల్లం. ముందు మోసపోయాననిపించింది. తర్వాత, ఇప్పుడు కాదేమో, గద్దె మీద పడ్డాక బంగారమవుతుందేమో అని సర్దుకున్నాను. ప్రసాదంగా తెచ్చిన చిన్న ముక్కని అగ్గిపెట్టెలో దాచి ఇంటికి తెచ్చాను. రోజూ తెరిచి చూసేవాణ్ణి. నాలుగో రోజు చీమలు పట్టాయి.

ఆ జాతరలో అదొక్కటే కాదు, చాలా నిరాశలు. వాగు ఎర్రగా లేదు. వేలమంది మునకలేసిన బురద నీళ్ళు. గురువారం సాయంత్రం సమ్మక్కని తెస్తుంటే నాన్న నన్ను భుజాలకెత్తుకున్నాడు. గాల్లోకి తుపాకీ పేల్చారు. జనం ఎదురుకోళ్ళు ఎగరేశారు. పూనకాలొచ్చిన ఆడవాళ్ళు జుట్టు విరబోసుకుని ఊగుతున్నారు. ఇంత చేసి నాకు కనబడింది తలలూ, తాళ్ళూ, పోలీసులూ. "కనబడ్డదా?" అని బాపమ్మ అడిగింది. "ఏం కనబడలే" అన్నాను. మా ఇంట్లో క్యాలెండర్ మీద సమ్మక్క పులి మీద కూర్చుని ఉండేది. ఇక్కడ పులీ లేదు, సమ్మక్కా లేదు. గద్దె మీద కర్రలు, పసుపు, కుంకుమ. విగ్రహం అసలే లేదు.

"నాకు కనబడ్డది" అంది బాపమ్మ. ఆమె నా కంటే పొట్టి. నేను నాన్న భుజాల మీదున్నాను, ఆమె కింద జనంలో ఉంది. నాకే కనబడనిది ఆమెకెలా కనబడిందని చాలాకాలం ఆలోచించాను.

*

పదో తరగతిలో అలంకారాలు చెప్పారు. పోలిక చెప్తే ఉపమ. పోల్చేదీ పోలికా రెండూ ఒకటేనని చెప్తే రూపకం. ఒక ఉదాహరణ చెప్పమంటే నేను లేచి "బెల్లం బంగారం" అన్నాను. క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు గానీ, "అది భక్తిరా, అలంకారం కాదు" అని కూర్చోబెట్టారు. ఈ రెండిటికీ తేడా ఏమిటో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ పూర్తిగా అర్థమైందని చెప్పలేను.

ఇంజనీరింగ్‌లోకి వచ్చాక హేతువాద పుస్తకాలు దొరికాయి. వాటి మీద నాకు ఇప్పటికీ గౌరవమే. చాలా చెత్త వదిలించాయి. కానీ అప్పట్లో కొత్త కత్తి దొరికినవాడిలా కనబడ్డ ప్రతిదాన్నీ కోసేవాణ్ణి. 2008 జాతరప్పుడు సెలవుకొచ్చి బాపమ్మతో వాదం పెట్టుకున్నాను. ప్రతాపరుద్రుడు మేడారం మీదికి వచ్చినట్టు శాసనం ఉందా? ఏ సంవత్సరం? మట్టిలో ఇనుముంటే వాగు నీళ్ళు ఎర్రబడవా?

ఆమె చాటలో బియ్యం చెరుగుతూ వింది. "శాసనం రాపిచ్చేది ఎవడురా? రాజే గద. వాడు సంపినోళ్ళ ముచ్చట వాడు రాపిస్తడా?"

అది చరిత్రకారుడు ఒప్పుకునే జవాబు కాదు. ఆధారం లేకపోవడానికి కారణం చూపిస్తే ఆధారం చూపించినట్టు కాదు. ఆ మాటే అన్నాను. ఆమె "మంచిది బిడ్డా" అంది. ఆ తర్వాత నాకెప్పుడూ ఆ కథ చెప్పలేదు. అప్పుడు నేను గెలిచాననుకున్నాను.

*

ఉద్యోగంలో చేరాక, మరీ ముఖ్యంగా ఆమె పోయాక, సాహిత్యం చదవడం మొదలుపెట్టాను. లేటుగా మొదలుపెట్టినవాళ్ళకి ఉండే ఆత్రం నాకూ ఉండేది. కాఫ్కా 'మెటమార్ఫసిస్'లో గ్రెగర్ సాంసా ఒక పొద్దున లేచేసరికి పురుగైపోయి ఉంటాడు. అది చదివినప్పుడు శాసనం ఉందా అని అడగాలని నాకు తోచలేదు. ఉద్యోగానికి ఆలస్యమవుతోందని అతను పడే కంగారు చూసి, సోమవారం పొద్దున నేను పడే కంగారు గుర్తొచ్చింది. మార్కెస్ 'వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్'లో రెమెడియోస్ దుప్పట్లతో సహా ఆకాశంలోకి ఎగిరిపోతుంది. అదీ నమ్మాను. సమ్మక్క చిలకలగుట్ట మీద మాయమైందంటే ఒప్పుకోనివాణ్ణి, కొలంబియాలో ఒక అమ్మాయి గాల్లోకి లేచిపోయిందంటే మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాను. ఆ సంగతి తట్టిన రోజు పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చుండిపోయాను.

మార్కెస్ ఒక ఇంటర్వ్యూలో రెండు సంగతులు చెప్పాడు. ఒకటి, నమ్మశక్యం కాని కథల్ని వాళ్ళ అమ్మమ్మ మొహంలో ఏ మార్పూ లేకుండా చెప్పేదట. ఆ గొంతు దొరికాకే ఆ నవల రాయగలిగాడట. రెండోది, ఏనుగులు ఎగురుతున్నాయంటే ఎవరూ నమ్మరు, 425 ఏనుగులు ఎగురుతున్నాయంటే బహుశా నమ్ముతారు అన్నాడు. అది చదవగానే నాకు 52 గుర్తొచ్చింది. బాపమ్మకి అంకె ఎందుకంత ముఖ్యమో అప్పుడు కొంచెం తెలిసింది. ఆమె కథ నిలబడింది ఆ అంకె మీదే. నేను సరిగ్గా అక్కడే తప్పు పెట్టాను.

సాహిత్యంలో అబద్ధాన్ని మనం ఎలా ఒప్పుకుంటామన్న ప్రశ్నకి కోల్‌రిడ్జ్ 1817లో ఒక జవాబు చెప్పాడు. చదువుతున్నంతసేపూ అపనమ్మకాన్ని మనమే ఇష్టపూర్వకంగా పక్కన పెడతామని. ఈ మాట దాదాపు సామెతైపోయింది. ఇది నాకు సరిపోతుంది, నేను చదివేది అలాగే. బాపమ్మకి మాత్రం సరిపోదు. ఆమె దేన్నీ పక్కన పెట్టేది కాదు. దుకాణంలో "బెల్లం కిలో ఎట్లిస్తున్నవ్?" అని గట్టిగా బేరమాడేది. ముద్ద గిల్లి నోట్లో వేసుకుని కల్తీ ఉందేమో చూసేది. కాంటా మీద తూకం సరిపోయిన మరుక్షణం "బంగారం సంచిల పెట్టు" అనేది. కాంటాకి ఇవతల బెల్లం, అవతల బంగారం, గద్దె తాకి వచ్చాక ప్రసాదం. ఒకే వస్తువుకి మూడు పేర్లు. ఏది ఎక్కడ వాడాలో ఆమె ఒక్కసారి కూడా పొరబడగా చూడలేదు. నా కామెర్లకి ఆసుపత్రి, ఆమె భయానికి మొక్కు. ఒకదాని పని ఇంకోదానికి అప్పజెప్పలేదు.

మన ఆలంకారికులు ఇలాంటి మాటల గురించి చెప్పేటప్పుడు తరతరాలుగా ఒకే ఉదాహరణ ఇస్తారు. 'గంగలో గొల్లపల్లె ఉంది' అని. నీళ్ళలో పల్లె ఉండదు. మాటకున్న మామూలు అర్థం అక్కడ అడ్డం తిరుగుతుంది. దీన్నే ముఖ్యార్థ బాధ అన్నారు. అప్పుడు గంగ అంటే గంగ ఒడ్డు అని సర్దుకుంటాం. మరి ఒడ్డున ఉందనే అనొచ్చుగా? అంటే ఆ చల్లదనం, ఆ పవిత్రత రావు. ఆ మాట వాడిన ప్రయోజనం అదీ.

ఇది చదివాక నా కథంతా నాకు మూడు మెట్లుగా కనిపించింది. తొమ్మిదేళ్ళప్పుడు నాకు ఆ అడ్డు తగలనే లేదు, గంగలోనే పల్లె ఉందనుకుని అగ్గిపెట్టె తెరిచి చూసుకున్నాను. పంతొమ్మిదేళ్ళప్పుడు అడ్డు తగిలింది. తగిలిన చోటే ఆగిపోయి, నీళ్ళలో పల్లెలుండవని ఊళ్ళో అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. ఆ అడ్డు దాటి వెళ్తే ఏదో ఉందని తెలియడానికి పాతికేళ్ళు దాటాయి. నమ్మిన పిల్లవాడూ, ఎగతాళి చేసిన కుర్రవాడూ చదివింది ఒకే పద్ధతిలో. ఇద్దరూ బెల్లాన్ని బంగారపు పరీక్షకే పెట్టారు. ఆ జాతరలో మోసపోయినవాడు ఎవడన్నా ఉంటే అది నేనే. చుట్టూ ఉన్న లక్షల మందికీ అది బెల్లమని తెలుసు. ఆ మాటకొస్తే, పసిపిల్లల్ని "మా బంగారం" అని ముద్దుచేసే ఏ తల్లీ గీటురాయి వెతుక్కోదు.

*

ఈ మధ్య ఇంకో సంగతి తెలిసి నవ్వొచ్చింది. మేడారం కథలో విలన్ అయిన ప్రతాపరుద్రుడి మీద ఒక ప్రసిద్ధ అలంకార గ్రంథమే ఉంది. ఆయన ఆస్థానంలోని విద్యానాథుడు సంస్కృతంలో రాసిన 'ప్రతాపరుద్ర యశోభూషణం'. అందులో అలంకారాలకి ఇచ్చిన ఉదాహరణలన్నీ ఆ రాజు పొగడ్తలే. రూపకానికీ ఆయనే, అతిశయోక్తికీ ఆయనే. ఆ పద్యాలు చదివి ఇదంతా జరిగిందా అని ఎవరూ అడగరు. అది కావ్యం కాబట్టి. కోయవాళ్ళ పాట దగ్గరికొచ్చేసరికి మాత్రం నాలాంటివాళ్ళం శాసనం అడుగుతాం.

కాకతీయుల గురించి బంగారం కథ కూడా ఒకటుంది. ప్రోలరాజు కాలంలో ఒక బండి ఇనుము రాయికి తగిలి బంగారమైందనీ, ఆ రాయి పరుసవేది లింగమనీ, దాని చుట్టూనే ఓరుగల్లు కట్టారనీ. ఇనుము బంగారం కావడం కోట కథ. బెల్లం బంగారం కావడం అడవి కథ. మొదటిది జరగాలంటే లోహమే మారాలి. రెండోదానికి పేరు మారితే చాలు. పైగా మొదటి బంగారం రాజు ఖజానాకి పోతుంది. రెండోదాన్ని అందరూ తలా ఒక ముక్క తింటారు.

ఇలా అంటున్నానని కథలకి లెక్కలడగకూడదని కాదు. ప్రతాపరుద్రుడు ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో యుద్ధం చేశాడన్నది చరిత్ర ప్రశ్న. దానికి శాసనాలే కావాలి. 1323లో ఓరుగల్లు పడిపోయిందనీ, బందీగా ఢిల్లీకి తీసుకుపోతుండగా నర్మద ఒడ్డున ఆయన చనిపోయాడనీ మనకి తెలుస్తోందంటే విలస తామ్రశాసనం లాంటివి ఉండబట్టే. బాపమ్మ కథని ఆ పక్కన ఇంకో శాసనంలా నిలబెట్టలేం. ఫలానా నీళ్ళు తాగితే రోగం పోతుందని ఎవరన్నా అంటే దాన్ని కావ్యమని వదిలెయ్యకూడదు, ఆధారం అడగాల్సిందే. ఏ ప్రశ్న ఎవర్ని అడుగుతున్నామన్న తెలివి మాత్రం ఉండాలి. నాకు అదే లేకపోయింది.

మరి బాపమ్మ కథలోని నిజం ఏది? కరువులో పన్ను అడిగారన్నది, ఇవ్వలేమన్నవాళ్ళ మీదికి సైన్యం వచ్చిందన్నది, చచ్చిపోయినవాళ్ళ రక్తాన్ని వాగు మర్చిపోలేదన్నది. కోయల్లో డోలీలనే కథకులుంటారు. పడిగెలనే బొమ్మల గుడ్డల్ని పెట్టుకుని వేల్పుల కథలు పాడతారు. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య అలాంటి కథకుడే. సమ్మక్క సారలమ్మ కథని కోయలోనూ తెలుగులోనూ పాడేవాడు. 2024లో చనిపోయాడు. శాసనం చెక్కించుకోలేని వాళ్ళు గుడ్డ మీద గీసుకున్నారు, గొంతులో దాచుకున్నారు. బాపమ్మ కోయ కాదు, పడిగె ఎప్పుడన్నా చూసిందో లేదో తెలియదు. "రాజు రాపిస్తడా?" అన్నప్పుడు ఆమె చరిత్రకి జవాబు చెప్పలేదు. కథ ఎందుకు పుడుతుందో చెప్పింది. నేను వినలేదు.

గద్దె మీద విగ్రహం ఎందుకు లేదో కూడా ఇప్పుడు వేరేగా అనిపిస్తుంది. మంచి కథలో కూడా ముఖ్యమైన మనిషి మొహాన్ని రచయిత పూర్తిగా గీయడు. కాస్త ఖాళీ వదులుతాడు. కర్రా, కుంకుమా ఇచ్చి మిగతాది నీ పని అంటాడు. ఆ గురువారం సాయంత్రం నేను క్యాలెండర్ బొమ్మ కోసం చూశాను కాబట్టి ఏమీ కనబడలేదు. బాపమ్మ తన బొమ్మ తనే తెచ్చుకుంది.

*

2024 ఫిబ్రవరిలో, జాతరకి వారం ముందు ఆదివారం, నాన్నా నేనూ కార్లో మేడారం వెళ్ళాం. అసలు జాతర రోజుల్లో వెళ్ళే ధైర్యం నాకు లేదు. ఈ రోజుల్లో వెళ్ళకపోయినా పర్వాలేదు, బరువుకి లెక్కగట్టి ఆన్‌లైన్‌లో డబ్బు కడితే బంగారం సమర్పించే ఏర్పాట్లొచ్చాయి. అలాంటి యాప్‌లు రాసుకుని బతికేవాణ్ణే అయినా నాకెందుకో మనసొప్పలేదు.

దారి పక్క దుకాణంలో 12 కిలోలు జోకమన్నాను. దుకాణదారు బెల్లం ముద్దలు కాంటా మీద పెడుతూ "పాపకా, బాబుకా సారూ?" అన్నాడు. నిజమే, 12 కిలోలంటే రెండేళ్ళ పిల్లల బరువు.

"నాదే" అన్నాను.

నన్ను కిందికీ మీదికీ చూసి నవ్వాడు. "గింతేనా మీరు?"

అప్పుడు నాన్నకి చెప్పక తప్పలేదు. పద్నాలుగేళ్ళ కిందటి ఫోను, 64, 52. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. సంచి మూతి కట్టి భుజాన వేసుకున్నాక అన్నాడు: "తూకం సంగతి అమ్మ ఎన్నడూ అనలే. నువ్వు రానన్నవని మాత్రం ఆ రోజంతా తిండి తినలే."

పద్నాలుగేళ్ళుగా నేను 12 కిలోల లెక్కలో ఉన్నాను. ఆమె నష్టం వేరే ఎక్కడో ఉంది.

జంపన్న వాగులో నీళ్ళు తక్కువగా ఉన్నాయి, ఎర్రగా లేవు. కాళ్ళు కడుక్కున్నాం. గద్దె దగ్గర తోపులాట పెద్దగా లేదు. బెల్లం వేశాను. దండం పెట్టాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించి పెట్టాను, ఎవరికో స్పష్టంగా తెలియకుండానే. నమ్మావా అని ఎవరన్నా అడిగితే ఔననీ చెప్పలేను, కాదనీ చెప్పలేను. బాకీ తీరిందా అంటే అదీ చెప్పలేను. కాంటా మాత్రం సరిగ్గా 12 చూపించింది.

తిరిగొస్తుంటే నాన్న ప్రసాదం ముక్క తీసి ఇచ్చాడు. "బంగారం తిను" అన్నాడు.

తిన్నాను. తియ్యగా ఉంది.